‘డన్’ అన్న అబద్ధం

2023. వానలు ఇంకా వెనకబట్టని రోజులు. యానాం అగ్రహారంలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. అప్పట్లో చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలను ఆడియోగా తయారుచేసే ఒక సంస్థకు పనిచేస్తున్నాను. వాలంటీర్లు పాఠం చదివి రికార్డు చేసి పంపుతారు. ఆ రికార్డింగు మరీ పెద్దది, పిల్లల ఫోన్లలో పట్టదు. వినడానికి తేడా తెలియకుండా దాన్ని కుదించి చిన్న ఫైలుగా మార్చడమే ఎన్‌కోడింగ్. ఆ పని చేసే ప్రోగ్రామునూ, కుదించిన ఫైలును వినిపించే ప్లేయరునూ నేనే రాశాను.

రెండూ కమాండ్ లైన్ ప్రోగ్రాములు. అంటే బొమ్మలు, బటన్లు, మౌస్ ఉండవు. చెయ్యాల్సిన పనిని ఒక వరుసలో టైపు చేసి ఎంటర్ నొక్కాలి. జవాబు కూడా అక్షరాల్లోనే వస్తుంది. పాతకాలపు పద్ధతి అని చాలామంది నవ్వుతారు గానీ, చూపులేనివాళ్లకు ఇదే సుఖం. బటన్ ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. తెర మీది అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్ ఉంటే చాలు.

పక్కనే దరియాలతిప్ప ఊళ్లో ఉండే సత్తిబాబు గారు అలా పనిచేసే మనిషే. నలభై అయిదేళ్లుంటాయి. ఇరవై ఎనిమిదో ఏటి వరకూ చేపల వేటకెళ్లేవారు. కంటి జబ్బుతో రెండు కళ్లూ పోయాక కాకినాడలో కంప్యూటరు నేర్చుకుని ఈ సంస్థలో చేరారు. రోజుకు పది పాఠాలు ఎన్‌కోడ్ చేసేవారు. రెండేళ్లు నా ప్రోగ్రాము వాడినా, ఆయన్ని నేను ఒక్కసారీ కలవలేదు. స్కూటీ మీద పావుగంట దారి.

ఆ ఏడు ఒక హాస్టలు నుంచి ఫిర్యాదు వచ్చింది. ఇంటర్ పిల్లలకు వెళ్లిన చరిత్ర పాఠాల్లో పదకొండు సగంలో తెగిపోయాయట. పాఠం అంతేననుకుని పిల్లలు ఆ సగమే చదువుకుని పరీక్ష రాసేశారు. ప్రశ్నపత్రం వినిపించాకగానీ, మిగతా సగం ఒకటుందని వాళ్లకు తెలియలేదు.

మా మేనేజరు కిరణ్ హైదరాబాదులో ఉంటాడు. మర్నాడే అందరికీ మెయిలు పెట్టాడు. సత్తిబాబు గారి అశ్రద్ధ వల్లే ఇలా జరిగిందనీ, ఇకమీదట ఈ పని చూపున్నవాళ్లకే ఇస్తామనీ. నాకు విడిగా ఫోన్ చేశాడు.

“మేడమ్, టూల్‌లో ప్రాబ్లెమ్ లేదని చిన్న రిపోర్టు ఇచ్చేయండి. ఫార్మాలిటీ అంతే.”

సరే అన్నాను. రెండేళ్లుగా ఎవరూ వంక పెట్టని ప్రోగ్రాము కదా అన్న ధీమా. రాసేముందు ఒకసారి చూసి వద్దామని మాత్రం దరియాలతిప్ప వెళ్లాను.

సత్తిబాబు గారి భార్య నూకరత్నం గారు కుర్చీ వేశారు గానీ మంచినీళ్లు ఇవ్వలేదు. ఆయన కంప్యూటరు ముందు నుంచి కదల్లేదు.

“రండి మేడంగారండి. నా తప్పేంటో సూపించడానికొచ్చారా?”

“మీరు ఎలా చేస్తారో ఒకసారి చేసి చూపించండి సత్తిబాబు గారూ.”

ఆయన టైపు చేసి ఎంటర్ కొట్టారు. స్క్రీన్ రీడర్ మొదలెట్టింది. “ఒక శాతం, ఒక శాతం, రెండు శాతం, రెండు శాతం, రెండు శాతం...” పని ఎంతవరకూ వచ్చిందో చూపించే గీత నేను పెట్టిందే. తెర మీద అది కొద్దికొద్దిగా జరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. చెవికి మాత్రం అది ఎడతెగని సుత్తి.

“ఈ సోది రోజుకి పదిసార్లు ఎవరింటారండి? అందుకే మాట ఆపేసి, అయిపోయాక ఆఖరి లైనొక్కటీ సదివించుకుంటాను. ఇదిగో, ఇనండి.”

“డన్” అంది స్క్రీన్ రీడర్.

“డన్ అంటే అయిపోయిందనే కదండి?”

చోటు చాలకే ఫైళ్లు తెగుతున్నాయేమోనని ఆయన డిస్కులో చోటు ఎంతుందో చూశాను. దాదాపు నిండిపోయి ఉంది. ఒకపక్క కొత్త రికార్డింగులు దిగుతుంటే, ఇంకోపక్క ఎన్‌కోడింగ్‌కు చోటు చాలడం లేదు. ఒక పెద్ద పాఠం ఇచ్చి మళ్లీ నడిపించమన్నాను. ఈసారి కళ్లార్పకుండా చూశాను. సగం దాటాక ‘రాయడం కుదరలేదు’ అనే వరుస ఎర్ర రంగులో మెరిసింది. అర సెకను. దాని మీదే తర్వాతి శాతం వచ్చి కూర్చుంది. నూరు శాతం అయ్యాక, మళ్లీ ‘డన్’.

సగం ఫైలు రాసి, మిగతాది గాలికొదిలేసి, పని పూర్తయిందని చెప్పింది నా ప్రోగ్రాము.

అంతటితో ఆగలేదు. ఏ ప్రోగ్రామైనా ముగిసేటప్పుడు ఎగ్జిట్ కోడ్ అని ఒక అంకె ఇచ్చి పోతుంది. సున్నా అయితే అంతా క్షేమమని లెక్క. నాది ఇక్కడ కూడా సున్నాయే ఇచ్చింది. ఆ సున్నాను నమ్మే ఆఫీసు కంప్యూటరు ఆ సగం పాఠాలను నేరుగా పిల్లలకు పంపేసింది.

“ఎన్‌కోడ్ అయ్యాక ప్లేయర్‌లో విన్నారా?” అని అడిగాను.

“మొదలు ఇంటానండి. సివర ఇందామంటే ఎలాగండి? బాణం మీటలు నొక్కితే జరుగుద్ది గానీ ఎక్కడికి జరిగిందో సెప్పదు. టైము తెర మీద సూపిత్తాదంట. నాకేం లాభం?”

నూకరత్నం గారు గుమ్మంలో నిలబడే ఉన్నారు. అప్పటిదాకా పట్టిన బిగువు వదిలేశారు.

“ఈయనకి కళ్లు లేవని తెలిసే కదండి పనిలో ఎట్టుకున్నారు? మరి ఎర్ర రంగేసి సెప్పడమేంటండి? ఇప్పుడు అశ్రద్ధంటన్నారు! మూడుసార్లు మెయిలెట్టారు ఈయన. ఒక్కళ్లు పలికారా?”

ఇంటికొచ్చి సంస్థకు వచ్చిన ఫిర్యాదుల పేజీలో వెతికాను. మూడు మెయిళ్లూ ఉన్నాయి. శాతాలు చదవకుండా ఆపే వీలు ఇవ్వమని ఒకటి. ప్లేయరు ఎక్కడుందో చెప్పేలా చెయ్యమని ఒకటి. ఒక పాఠం పొట్టిగా ఉన్నట్టుంది, చూడమని మూడోది. ‘ఒక్కరి కోసం మార్చనక్కర్లేదు’ అని రాసి కిరణ్ మూడింటినీ మూసేశాడు. ఒళ్లు మండిపోయింది. ఆ కోపంలోనే ఇంకొకటి కనబడింది. మొదటి మెయిలు నేరుగా నాకూ వచ్చింది. నేను తెరిచి చదివి, వదిలేశాను.

రిపోర్టు రాశాను. తప్పు ప్రోగ్రాముది, అది రాసిన నాది, హెచ్చరిక అందినా పట్టించుకోని మా అందరిది అని. గంటలో కిరణ్ ఫోన్.

“ఇలా రాస్తే ఎలా మేడమ్? పైవాళ్లు నన్ను అడుగుతారు.”

“అడగనివ్వండి. నన్నూ అడగమనండి.”

“ఆయన ఒక్కసారి చివరిదాకా వింటే సరిపోయేది కదా?”

“నలభై నిమిషాల పాఠాలు, రోజుకు పది. మీరొక్కరోజు పూర్తిగా విని, మిగతా పని కూడా చేసి చూపించండి. అప్పుడు ఆయనదే తప్పని నా చేత్తో రాస్తాను.”

ఫోన్ పెట్టేశాడు.

వారం రోజులు వేరే పని ముట్టుకోలేదు. రాయడం కుదరకపోతే ప్రోగ్రాము అక్కడే ఆగి, సంగతి ఆఖరి లైనులో మాటల్లో చెప్పాలి. సున్నా ఇవ్వకూడదు. పాఠం మొత్తం తయారై, దాని నిడివి అసలు రికార్డింగుతో సరిపోయేదాకా ఫైలుకు తాత్కాలిక పేరే ఉండాలి, ఆఫీసు కంప్యూటరు దాన్ని పంపకూడదు. శాతాలు వద్దంటే నోరు మూసుకోవాలి. ప్లేయరులో ఒక మీట నొక్కితే ఎన్నో నిమిషంలో ఉన్నామో పలకాలి, ఇంకో మీట నొక్కితే చివరి అర నిమిషానికి దూకాలి. తయారయ్యాక సత్తిబాబు గారి ఇంట్లోనే పరీక్షించాం. ఆయన కావాలనే డిస్కు నింపి నడిపించారు.

“ఆగిపోయిందంటంది బానే ఉంది. ఎందుకాగిందో సెప్పట్లేదండి. సోటు లేక ఆగిందంటే సోటు సేసుకుంటాను కదా!”

అదీ కలిపాను. అసలు రికార్డింగులు వాలంటీర్ల దగ్గర భద్రంగా ఉండబట్టి, పదకొండు పాఠాలూ మళ్లీ తెప్పించి, తన చేతి మీదుగా తెగినవని పట్టుబట్టి ఆయనే చేశారు. ప్రతిదాని చివరి అర నిమిషం విన్నారు. పిల్లలు రాసేసిన పరీక్షను మాత్రం మేమెవ్వరం వెనక్కి తేలేకపోయాం.

ఆ పాఠాలు వెళ్లిపోయాక కిరణ్ ఆయనకు ఫోన్ చేసి, జరిగిందేదో జరిగింది, పనిలో కొనసాగండి అన్నాడు. సత్తిబాబు గారు ఒప్పుకోలేదు.

“అశ్రద్ధ అని అందరికీ రాసి పంపారు కదండి. కాదని కూడా అలాగే రాసి పంపండి. అప్పటిదాకా కీబోర్డు ముట్టుకోను.”

మూడు వారాలు ముట్టుకోలేదు కూడా. నా రిపోర్టు పైవాళ్లకు నేనే పంపాక, చివరికి ఆఫీసు నుంచి ఆయనకు మెయిల్లో ఉత్తరం వచ్చింది. సత్తిబాబు గారు రమ్మంటే వెళ్లాను. స్క్రీన్ రీడర్‌తో ఫైలు తెరిచారు. అది ఏమీ పలకలేదు. మళ్లీ తెరిచారు. నిశ్శబ్దం.

తెర వైపు చూశాను. ఆ ఉత్తరాన్ని ఆఫీసువాళ్లు కాగితం మీద అచ్చువేసి, సంతకం చేసి, దాన్ని ఫొటో తీసి పంపారు. అందులో స్క్రీన్ రీడర్‌కు అక్షరాలు లేవు, బొమ్మ ఒక్కటే ఉంది. చూపులేని మనిషికి క్షమాపణను ఫొటో తీసి పంపారు!

“నేను చదువుతానండి” అన్నాను.

“వద్దండి. నేను సదూకునేలా పంపమనండి.”

అప్పటికప్పుడు ఆఫీసుకు ఫోన్ చేసి, నా ఉద్యోగ జీవితంలో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాను. సాయంత్రానికి అది అక్షరాలతో, అందరికీ వచ్చింది. ఆయన స్పీకరు పెంచి, గుమ్మం దాకా వినబడేలా రెండుసార్లు చదివించుకున్నారు. మర్నాడు పనిలో కూర్చున్నారు.

ప్రోగ్రాము తప్పు చేస్తే దిద్దుకోవచ్చు. తప్పు చేసి ‘డన్’ అంటే, ఆ నింద దాన్ని నమ్మిన మనిషి మీద పడుతుంది. ‘ఒక్కరి కోసం’ అన్న మాట అప్పట్నుంచీ ఎవరి నోట విన్నా నేను ఊరుకోను. ఇప్పుడు ఏ ప్రోగ్రాము రాసినా, బయటికి పంపేముందు మానిటరు తీగ పీకేసి, చెవులతో ఒక పూటంతా వాడతాను. తెలియనిచోట ఆగిపోయి, సత్తిబాబు గారికి ఫోన్ చేస్తాను.