నాదే

లోకంలో ఎవరూ తమదని ఒప్పుకోని చప్పుడొకటుంది. సీతాఫల్‌మండి రిచర్డ్ మాత్రం అది వినబడిన మరుక్షణం చెయ్యెత్తి, "నాదే!" అంటాడు. బస్సులోనైనా, పెళ్లిలోనైనా, చివరికి చర్చిలోనైనా సరే.

అతని అక్క ప్రేమమణికి తల కొట్టేసినట్టుండేది. పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు చర్చి కొయిర్ నడుపుతున్న మనిషి. నోరు మహా దురుసు.

"ఏం తింటున్నావురా?"

"పీచు అక్కా."

"గిన్నెలు తోముకునేదా?"

"కాదక్కా. షుగర్ గుమ్మం దాకా వచ్చి నిలబడిందన్నాడు డాక్టర్. పొట్టలో పులిసే పీచు తింటే బరువు, కొవ్వు కొంచెం తగ్గుతాయట."

"నీ పొట్టేమైనా దోసెల పిండా, పులవడానికి?"

"అంతే అక్కా. పొంగుతుంది కూడా."

మోండా మార్కెట్‌లో గోరుచిక్కుడు ధర పెరిగితే రిచర్డ్ వల్లేనని వీధంతా అనుకునేది. ఉలవలు, బార్లీ, అరటికాయ... ఆ ఇంట్లో ఇంకేమీ ఉడకదు. భార్య బ్యూలా కూడా అదే తింటుందని పక్కింటివాళ్లు జాలిపడేవారు. పిల్లలు అతన్ని 'పీచుమిఠాయి అంకుల్' అనేవారు.

మొగుడూపెళ్లాలిద్దరూ కొయిర్‌లో పక్కపక్కనే నిలబడేవారు. బ్యూలా గొంతెత్తితే చర్చి చర్చంతా మెత్తబడిపోయేది. మౌన ప్రార్థన దగ్గరే వచ్చేది తంటా.

"నాదే! సారీ!"

కీబోర్డు దగ్గర జెరెమియా భుజాలు ఊగిపోయేవి. "అక్కా, అన్న మళ్ల షురూ చేసిండు. జెర చెప్పరాదే, నవ్వాపుకోలేక సస్తున్న."

ఆర్నెల్లు ఓర్చుకుని ప్రేమమణి తమ్ముణ్ణి నిలదీసింది. "ఎంత తగ్గావురా?"

"కేజీన్నర అక్కా. నడుము దగ్గర కొవ్వు కూడా కాస్త కరిగింది."

"ఇంత గాలికి కేజీన్నరేనా! ఏదీ? ఆ బెల్టు పాత కన్నంలోనే ఉందిగా?"

రిచర్డ్ చొక్కా కిందికి లాక్కుని బెల్టు కప్పేశాడు.

"పీచన్నా మాను, కొయిరన్నా మాను. రెండూ కుదరవు."

చిన్నప్పటినుంచీ పాటంటే ప్రాణం పెట్టేవాడు. పీచే మానేస్తాడనుకుంది.

"కొయిర్ మానేస్తాలే అక్కా. బ్యూలాని మాత్రం చివర్లో నిలబెట్టు. ఫ్యాను కింద."

ప్రేమమణికి ఒళ్లు మండింది. తోడబుట్టినదానికన్నా గోరుచిక్కుడు ఎక్కువైందా వీడికి! ఆ కచ్చతోనే మరుసటి ఆదివారం బ్యూలాని ముందు వరసలో, తన పక్కనే నిలబెట్టింది. రిచర్డ్ ఇంట్లోనే ఉండిపోయాడు.

మౌన ప్రార్థన మొదలైంది. చప్పుడు వచ్చింది.

ప్రేమమణి అలవాటుగా "నాదే" కోసం ఎదురుచూసింది. ఎవరూ అనలేదు. పక్కకు చూస్తే బ్యూలా చెవులు ఎర్రబడి ఉన్నాయి. పోయినేడాది కుట్టించిన జాకెట్టు నడుము దగ్గర వదులైపోయి ఉంది.

ప్రేమమణికి బ్యూలా తల్లి గుర్తొచ్చింది. షుగర్‌తో ఆవిడకి కాలు తీసేసిన రోజు, ఆస్పత్రి వరండాలో బ్యూలా ఏడవలేదు. తన పాదాల వంకే చూసుకుంటూ కూర్చుంది. గుమ్మం దాకా వచ్చిన షుగర్ ఎవరిదో, ఇన్నాళ్లూ చెయ్యెత్తినవాడు ఎవరికోసం ఎత్తాడో ఇప్పటికి తెలిసింది. ఛీ, ఎన్ని మాటలన్నాను వాణ్ణి!

వెనక బెంచీల్లో కిసకిసలు మొదలయ్యాయి. బ్యూలా పాటల పుస్తకం మూసేసి బయటికి వెళ్లబోయింది. ఇవాళ ఈ గుమ్మం దాటితే మళ్లీ పీచూ ముట్టదు, పాటా పాడదు.

ప్రేమమణి ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. రెండో చెయ్యి పైకెత్తింది.

"నాదే!"

జెరెమియా నవ్వడం కూడా మర్చిపోయాడు.

"ఏం చూస్తారు? నేనూ పీచు తింటున్నా. కీబోర్డు కొట్టవయ్యా!"

పాట మొదలైంది. బ్యూలా గొంతు మొదట వణికింది, తర్వాత లేచింది.

చర్చి మెట్లు దిగుతూనే ప్రేమమణి ఫోను తీసింది.

"ఒరేయ్ దొంగవెధవా! వచ్చే ఆదివారం నోరు మూసుకుని కొయిర్‌కి రా."

"పీచు మానను అక్కా."

"మానమని ఎవరన్నార్రా? నేనొక్కదాన్నే ఎన్నని ఒప్పుకోను!"