ఐదు స్పీకర్లా, రెండు స్పీకర్లా

2004 జూన్‌లో నన్ను అనకాపల్లిలోని ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీకి ఫిజిక్స్ లెక్చరర్‌గా బదిలీ చేశారు. మరుసటి ఏడాది, తక్కినవాళ్ళంతా తప్పించుకున్న పని ఒకటి నా నెత్తిన పడింది. అది కొనుగోలు కమిటీ కన్వీనరు పదవి. బీకర్లయినా బీరువాలయినా కాలేజీ ఏది కొన్నా, ముగ్గురు సభ్యుల కమిటీ మూడు షాపుల నుంచి సీలు వేసిన కొటేషన్లు తెప్పించాలి. ధరలు పక్కపక్కన వేసి పట్టిక తయారు చేయాలి. తక్కువ ధర చెప్పినవాడికి ఆర్డరివ్వాలి. వాణ్ణి కాదంటే ఎందుకు కాదన్నామో రాసి సంతకాలు పెట్టాలి. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునేదాకా ఈ పద్ధతిలో చాలా కొన్నాను. నాకు బుర్ర తిరిగింది మాత్రం స్పీకర్ల దగ్గరే.

వాటిని అడిగింది గ్రేస్. ఇంగ్లిష్ చెప్పేది, కాంట్రాక్టు లెక్చరరు, అంటే ఏడాదికోసారి పునరుద్ధరిస్తేనే ఉద్యోగం. ఫిబ్రవరిలో విశాఖపట్నం నుంచి ఒక కాల్ సెంటరు వాళ్ళు ఫైనలియరు పిల్లలను తీసుకోవడానికి వస్తామన్నారు. రికార్డు చేసిన ఇంగ్లిష్ సంభాషణ వినిపించి ప్రశ్నలు అడగడం వాళ్ళ మొదటి పరీక్ష. మా పిల్లలు ఇంగ్లిష్ చదివేవారు, రాసేవారు. కొత్త గొంతుతో ఎవరైనా మాట్లాడితే మాత్రం గోడవైపు చూసేవారు. అందుకని గ్రేస్ సెమినార్ హాల్లో రోజూ వినికిడి క్లాసు పెడతానంది. ప్రిన్సిపాల్ గారు సరే అన్నారు. ఫలితం కనిపిస్తే కాంట్రాక్టు పొడిగిద్దాం, లేకపోతే చూద్దాం అని కూడా అన్నారు. కాలేజీల్లో 'చూద్దాం' అంటే ఏమిటో గ్రేస్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మంజూరు ఉత్తర్వులో 'హోం థియేటరు, ఐదు స్పీకర్లు, ఒక ఊఫరు' అని ఉంది. ప్రిన్సిపాల్ గారు వాళ్ళ బావమరిది ఇంట్లో అలాంటిది చూసొచ్చారు. వాళ్ళ బావమరిది పెట్టిన డబ్బు మాత్రం మంజూరు చేయలేదు. మాకిచ్చిన సొమ్ముకు వచ్చేవి అరచేతిలో పట్టే చిన్న స్పీకర్లు ఐదు. లేదంటే అదే సొమ్ముకు ఒక ఆంప్లిఫయరు, కాస్త పెద్ద స్పీకర్లు రెండు. ఏది మేలో తేల్చడానికి కమిటీ, అంటే నేనూ గ్రేసూ ఆఫీసు సూపరింటెండెంటు అప్పారావు గారూ, మెయిన్ రోడ్డులో తక్కువ ధర కోట్ చేసిన షాపుకు వెళ్ళాం. రెండు రకాలూ అక్కడే ఉన్నాయి.

షాపు యజమాని రమణ ముందు హెలికాప్టరు శబ్దం వినిపించాడు. అది మా నెత్తిమీంచి వెళ్ళి వెనకున్న ఫ్రిజ్జుల్లో దిగింది. అట్టపెట్టె మీద వేల వాట్లని రాసుంది. నేను సెట్టు తిప్పించి వెనక రేకు చూశాను. అది లాగే కరెంటు ఒక బల్బు లాగేదానికంటే కాస్త ఎక్కువ.

"ఇంత కరెంటు తీసుకుని అన్ని వేల వాట్లు ఎలా ఇస్తుందయ్యా?" అన్నాను.

"అది కరెంటు వాట్లండి మేడమ్. ఇది సౌండు వాట్లు."

"మిగతావి ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, పక్క షాపులోంచా?"

"మీరు ఫిజిక్సు సెప్తారంట గదండి," అన్నాడు అతను నొచ్చుకుంటూ. "మరీ ఇలా అడిగితే ఎలాగండి?"

అప్పారావు గారు ఉప్మాక వెంకన్న మీద పాడిన భక్తి పాటల డిస్కు తెచ్చుకున్నారు. ఐదింటిలో విని కళ్ళు మూసుకున్నారు. "బేసు గుండెల్లో కొడతంది మేడమ్" అన్నారు. రెండింటిలో విన్నప్పుడూ కళ్ళు మూసుకున్నారు. గ్రేస్ తన చర్చి కాయిరు పాడిన డిస్కు పెట్టించింది, తరవాత ఇంగ్లిష్ పాఠాల డిస్కు. ప్రతి మాటా వినబడుతోందంది. దేంట్లో అని అడిగితే, రెండింట్లోనూ అంది. నేను నాకిష్టమైన పాత సినిమా పాట పెట్టించాను. మొదట ఐదు మేలనిపించింది, తరవాత రెండు. ఇంకోసారి వింటే పాట బాగుందనిపించింది తప్ప స్పీకరు సంగతి తెలియలేదు. ధ్వని మీద పాఠం చెప్పి జీతం తీసుకునే మనిషిని, షాపు మధ్యలో ఏది వింటున్నానో తెలియక నిలబడ్డాను.

ఆటోలో తిరిగొస్తూంటే గ్రేస్ ఆ డిస్కులోని ఇంగ్లిష్ సంభాషణను పెదవులతో అనుకుంటోంది. ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న పాఠం, ఆమెకు కంఠతా వచ్చు. అప్పుడు తట్టింది నాకు. అప్పారావు గారికి ఆ భక్తి పాటలు నోటికి వచ్చు. నా పాట నాకు నోటికి వచ్చు. ముగ్గురం మా జ్ఞాపకాన్నే విని, స్పీకరుకు మార్కులు వేస్తున్నాం. హెలికాప్టరు పెట్టి రమణ ఒక్కడే తెలివైన పని చేశాడు, అందులో అర్థం కావలసిన మాటే లేదు.

కొటేషను షరతుల్లో 'స్థలంలో ప్రదర్శన' అని ఒకటుంటుంది. సరుకు మన దగ్గరికి తెచ్చి నడిపి చూపించాలి. దాన్ని ఎవరూ అడగరు. నేను అడిగాను. రమణ గొణుక్కుంటూనే రెండు సెట్లూ మా సెమినార్ హాల్లో పెట్టాడు. గ్రేస్ ఎన్నడూ క్లాసులో వాడని సంభాషణ ఒకటి ఏరింది. ఫైనలియరు పిల్లల్లో సగం మందిని కూర్చోబెట్టి ఐదు స్పీకర్లలో వినిపించాం. ఏం జరిగిందో చెప్పమన్నాం. ఒకమ్మాయి ఇద్దరు రైలు టిక్కెట్టు కోసం పోట్లాడుతున్నారంది. ఇంకొకమ్మాయి డాక్టరు దగ్గరికి వెళ్ళారంది. పాయకరావుపేట దగ్గర చేపలమ్మే కుటుంబం నుంచి వచ్చిన నూకరత్నం చివరి బెంచీలోంచి లేచింది.

"సౌండయితే బాగా వత్తంది మేడమ్. ఏటంతన్నాడో మట్టుకు తెలీట్లేదు."

గ్రేస్ మొహం పాలిపోయింది. ఏరేటప్పుడు ముందే విన్నది కాబట్టి ఆమెకు అంతా స్పష్టంగానే వినబడింది మరి.

రెండో సగాన్ని పిలిచి అదే సంభాషణ రెండు స్పీకర్లలో వినిపించాం. హోటల్లో ఎవరిదో పెట్టె పోయిందని ముగ్గురు చెప్పారు. అదే నిజం. నేను పట్టికలో రాయబోతుంటే అప్పారావు గారు అడ్డొచ్చారు. "ఆగండి మేడమ్. ఈ బేచీలో తెలివైనోళ్ళున్నారు. ఇది స్పీకరు గొప్పేటి?" ఆ మాట నేను అనవలసింది, ఆయన అన్నారు. సరేనని బ్యాచీలు తారుమారు చేసి, ఇంకో కొత్త సంభాషణ వేశాం. ఈసారి తెలివైన బ్యాచీ తెల్లమొహం వేసింది. నూకరత్నం అద్దె గది బేరం మొత్తం అప్పజెప్పింది, ఓనరమ్మ విసుక్కున్న సంగతితో సహా.

బోసి గోడల హాలు అది. ఐదు చోట్ల నుంచి వచ్చిన మాట, దాని ప్రతిధ్వని కలిసి, చివరి బెంచీకి చేరేసరికి ముద్దయిపోయేది. కారణం ఇదేనని కమిటీ నోటులో రాశాను. అప్పటికి నమ్మకంగానే రాశాను.

ప్రిన్సిపాల్ గారు నోటు చదివి కళ్ళజోడు తీశారు. "అదే డబ్బుకు ఐదొస్తుంటే రెండు కొంటారేంటమ్మా? ఆడిటు వాళ్ళడిగితే ఏం చెప్పను?" ఆడిటు లెక్క అదే. శాల్తీలు లెక్కపెడతారు, శబ్దం వినరు. లెక్కకు ఎక్కువ కావాలంటే బెంచీలు కూడా పీటలుగా కోయించవచ్చు కదండీ అన్నాను. ఆయన గ్రేస్ వైపు చూసి, నీ క్లాసుకి ఏది కావాలమ్మా అని అడిగారు. "నాకు రెండిట్లోనూ తేడా తెలీదు సర్. పిల్లలకు తెలిసింది," అంది గ్రేస్. పొడిగింపు కాగితం ఆయన చేతిలో ఉండగా, తనకు తెలియదని ఒప్పుకుంది ఆ గదిలో ఆమె ఒక్కతే. ఆయన సంతకం పెట్టారు. ప్రారంభోత్సవానికి ఆ హెలికాప్టరు శబ్దం లేకుండా పోయిందని మాత్రం చాలాకాలం అంటూనే ఉన్నారు.

ఫిబ్రవరిలో కాల్ సెంటరు వాళ్ళు వచ్చారు, స్పీకర్లతో పని లేకుండా సొంత హెడ్‌ఫోన్లు తెచ్చుకుని మరీ. అనుకున్నదానికంటే ఎక్కువమందినే తీసుకున్నారు, నూకరత్నం అందులో ఉంది. గ్రేస్ కాంట్రాక్టు పొడిగించారు. ఇది మా రెండు స్పీకర్ల వల్లేనని గ్రేస్ అంటుంది. రోజూ వింటే రేడియోలో విన్నా వచ్చేదని అప్పారావు గారు వాదిస్తారు. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక్కటి మాత్రం తెలిసింది. వస్తువును పరీక్షించేటప్పుడు పరీక్షించేవాళ్ళకు తెలిసినదాన్ని పెట్టకూడదు. తెలిసినది ఎందులోనైనా వినబడుతుంది. ఆ తరవాత శబ్దానికి సంబంధించింది ఏది కొన్నా కొటేషనులో ఒక షరతు చేర్చాను. ప్రదర్శనలో వినిపించేది కమిటీ సభ్యులెవరూ అంతకుముందు విననిదై ఉండాలి, విని చెప్పేది వాడబోయేవాళ్ళే అయి ఉండాలి అని. అప్పారావు గారు టైపు కొట్టిస్తూ, ఇది షరతా మేడమ్, మమ్మల్ని తిట్టడమా అని అడిగారు. నన్ను కూడా కలుపుకునే రాశానన్నాను.