టైపిస్టు గారి దయ్యాలు

మా గవర్నర్‌పేట ఆఫీసులో పనిచేసే టైపిస్టు గారు భర్త పోయాక గుణదలలో ఒంటరిగా ఉండేవారు. డెబ్భైల్లో ఊళ్లోకి వచ్చిన దయ్యాల సినిమా ఒక్కటీ వదిలేవారు కాదు. సోమవారం ఆఫీసుకు రాగానే తీర్పు చెప్పేవారు: "దయ్యాన్ని మరీ దగ్గరగా చూపించి పాడు చేశారమ్మా. తలుపు కదిలితే చాలదూ?"

ఒక శనివారం ఆవిడతో నేనూ మ్యాట్నీకి వెళ్లాను. తెరమీద చనిపోయిన భర్త గుమ్మంలో నిలబడగానే హాలంతా కేకలు పెట్టింది. ఆవిడ మాత్రం ముందుకు వంగి చూస్తున్నారు.

బయటికొచ్చాక, "భయం వేయలేదా అండీ?" అని అడిగాను.

"భయమెందుకమ్మా? అందరూ పగ తీర్చుకోడానికే వస్తారు. ఒక్కరైనా, ఇది ఒక్కతే ఎలా ఉంటోందో చూసిపోదామని రారేంటి?"

ఇంతలో గుణదల బస్సు వచ్చింది. మా ఇల్లు అటువైపు కాకపోయినా, నేనూ ఆవిడతోపాటు ఎక్కాను.