అల్లుడికి పోయిన ఆరో మార్కు

నా బతుకులో నేను కుళ్లుకున్న మనుషుల్లో మొదటివాడు మా ఆయనే.

నల్గొండ దగ్గరి మా ఊళ్లో బాపుది పెద్ద సేద్యం. లైసెన్సు మీద ఆయన దగ్గర ఒకే కంపెనీవి రెండు విలాయతీ రివాల్వర్లుండేవి: ఒకటి ఐదో మార్కు, అంటే ఐదో మోడలు, రెండోది ఆరో మార్కు. కొడుకులు లేరు కనక దసరా ముందు వాటిని విప్పి నూనె గుడ్డతో తుడవడం నా వంతు. నేను తుడుస్తుంటే ఆయన వాటి పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు. రెండూ ఒకే లావు తూటా కాలుస్తాయి. పొగ రాని మందు వచ్చాక, దాని జోరుకు తట్టుకోవాలని ఐదో మార్కులో తూటాల చక్రాన్ని కొంచెం లావు చేశారు. పిడి మాత్రం పాతవాటిలాగే చిలక ముక్కు. మొదటి పెద్ద యుద్ధంలో ఆరో మార్కు వచ్చింది. నాలుగంగుళాల గొట్టం ఆరంగుళాలైంది, పిడి చదరమై చేతి నిండా పట్టు దొరికింది. నాకు ఆ ఆరోదంటే ప్రాణం.

నా పెళ్లయిన ఏడాది దసరాకు బాపు దాన్ని అల్లుడి చేతిలో పెట్టాడు. లైసెన్సు కూడా అల్లుడి పేరుకే మార్పించాడట. నా కడుపు భగ్గుమంది. మా ఇంట్లో ఆయుధపూజకు బొట్టు పిడికే పెడతాం, ఇనుముకు తడి తగలనివ్వం. మా ఆయన భక్తి కొద్దీ తడి పసుపు గొట్టం నుంచి, తూటాలు పెట్టడానికి తుపాకిని నడుమ మడిచే కీలు దాకా మెత్తాడు. మర్నాడు మీట ఎంత నొక్కినా కీలు బిగుసుకుపోయి తుపాకి తెరుచుకోలేదు. నాకు లోపల్లోపల ఎంత సంబరమో! బాపు దాన్ని వెనక్కి తీసుకుంటాడనుకున్నాను.

ఆయన నవ్వేశాడు. "అల్లునికేం ఎరుక పాపం. నువ్వే జర నేర్పు బిడ్డా."

పళ్లు నూరుకుంటూనే నేర్పాను. మీట, కీలు, చక్రం, ఏ మార్కుకు ఎందుకు ఏం మారిందో అంతా. ఆయన బుద్ధిగా విన్నాడు. అది మరీ ఒళ్లు మండించింది.

మరుసటి దసరాకు చుట్టాలంతా కూర్చున్నారు. మా ఆయన రెండు రివాల్వర్లూ ముందు పెట్టుకుని చిలక ముక్కు సంగతీ, లావైన చక్రం సంగతీ నా మాటల్లోనే చెప్పాడు. ఒక్క ముక్క తప్పు పోలేదు. నేను గడప దగ్గర ఫలహారాల పళ్లెంతో నిలబడి ఉన్నాను.

బాపు మురిసిపోయి నా దిక్కు తిరిగాడు.

"చూసినవా బిడ్డా, నీ పెనిమిటికి ఎంత ఎరుకనో! జర గిట్ల కూసోని నువ్వు గూడ నేర్సుకో."