పదిహేడో మిషన్ మీద ఎర్ర టేపు

సునందకు కుళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత దాచుకోవాల్సింది ఏమీ ఉండదు. కష్టపడే మనిషి, చేతిలో పనితనం ఉన్న మనిషి, నోరు కాస్త గట్టిదే గాని మనసు మంచిది అని ఆమె గురించి అనుకునేవన్నీ నిజమే, ఎవరూ కాదనరు. కానీ ఈ వానాకాలం రోజూ పొద్దున్నే ఆమెను లేపి, నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా నడిపించి, మూడంతస్తుల మెట్లెక్కించింది మాత్రం ఆ మంచి మనసు కాదు, కుళ్ళు. అదీ కన్నకూతురి ఈడు పిల్ల మీద.

నలభై ఆరేళ్ళ సునందది సిద్దిపేట వైపు పల్లె. పెళ్ళయ్యాక మల్లేష్ వెంట పట్నం వచ్చి, నాంపల్లిలో మురుగు నాలా పక్క బస్తీలో కాపురం పెట్టింది. మల్లేష్ ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి బస్తాలు మోస్తాడు. ఈమె అబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్స్ మూడో అంతస్తులో, అమరేశ్వరరావు నడిపే టైపింగ్ సెంటర్‌లో ఊడ్చి తుడిచే పనికి చేరింది. చేరిన చెయ్యి ఊరుకుంటుందా? కంప్యూటర్ వెనక దుమ్ము తుడుస్తూ మూత తీయడం నేర్చింది, మూత తీశాక ఫ్యాన్ మార్చడం, ఫ్యాన్ మార్చాక లోపలి భాగాలు పీకి పెట్టడం. పదేళ్ళయ్యేసరికి చీపురు వేరేవాళ్ళకు పోయింది, స్క్రూడ్రైవర్ ఈమె చేతికొచ్చింది. అందులో ఎవరి దయా లేదు. చదివింది ఏడో తరగతే అయినా, జ్వరం చూసినట్టు మిషన్ మీద అరచెయ్యి ఆనించి, "దీని పానం మంచిగ లేదు సార్" అనేది. చాలాసార్లు అదే నిజమయ్యేది.

టైపింగ్ కాలం పోయింది. అమరేశ్వరరావు ఇప్పుడు వాన లెక్కలు చేయిస్తున్నాడు. పోయినేడు కొట్టినంత వాన మళ్ళీ కొడితే ఏ గల్లీలో ఎన్ని నీళ్ళు నిలుస్తాయో చెప్పే లెక్క. నగరం మ్యాపును చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఒక్క మిషన్ చేస్తే ఏళ్ళు పట్టే లెక్కను ఇరవైనాలుగు మిషన్లకు పంచుతారు. ఇరవైనాలుగూ పాతవే. వాటిలో చచ్చి ఊరుకున్న మిషన్‌తో బాధ లేదు, తీసి పక్కన పెడితే సరి. తప్పు లెక్క చేసి కూడా పచ్చ లైటు వెలిగించుకుని పతివ్రతలా కూర్చునే మిషన్ ఉంటుందే, దాంతోనే చావు. అది చెప్పిన తప్పును మిగతావన్నీ నమ్మి ముందుకు తీసుకుపోతాయి. చివరికి ఎక్కడ చెడిందో ఎవరికీ అంతుపట్టదు.

అలాంటి దొంగ మిషన్లను పట్టేది సునంద. పట్టి, దాని నుదుటి మీద ఎర్ర టేపు ముక్క అంటించేది. ఎర్ర టేపు పడిన మిషన్‌కు ఆమె తీసేదాకా ఎవరూ పని ఇవ్వకూడదు, అమరేశ్వరరావైనా సరే. ఆ టేపు చుట్ట ఆమె స్టూలు పైన గోడ మేకుకు వేలాడేది. ఆరేళ్ళు అలాగే వేలాడింది.

మే నెలలో భవ్య వచ్చింది. తాతల నాడు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఇంటి పిల్ల, ఇరవై ఏడేళ్ళుంటాయి, ఎంటెక్ చదివింది. మిషన్‌ను ముట్టుకోదు, చెవి ఆనించదు. కూర్చున్న చోటి నుంచి లేవకుండానే రెండు ఎత్తులు వేసింది. మొదటిది, ప్రతి గడి లెక్కనూ ఒకదానికొకటి తెలియకుండా మూడు మిషన్లకు ఇస్తుంది. రెండు ఒకే మాట చెప్పి మూడోది వేరే చెబితే ఆ మూడోది దొంగ. రెండో ఎత్తు ఇంకా గడుసుది. జవాబు తనకు ముందే తెలిసిన ప్రశ్నలను అసలు పనిలో కలిపి పంపుతుంది, అది పరీక్ష అని తెలియక మిషన్ దొరికిపోతుంది. వారం తిరక్కుండా మూడింటిని పట్టింది. అందులో రెండు సునంద అరచెయ్యి మంచివే అన్నవి.

"ఆరేళ్ళ నుంచి చీకట్లో తడుముకున్నామమ్మా మనం," అన్నాడు అమరేశ్వరరావు అందరి ముందూ. అని, మేకు మీది టేపు చుట్ట తీసి భవ్య బల్ల మీద పెట్టాడు. "ఇక ఇది నీ దగ్గరే ఉండనీ."

సునంద ఆ ఖాళీ మేకునే చూస్తూ నిలబడింది. తడుముకున్నది ఎవరంట? ఈ చెయ్యేగా. కడుపులో ఎవరో మిర్చి బస్తా దులిపినట్టు మండింది.

ఆ రోజు నుంచి భవ్య ఏం చేసినా తప్పే. ఆ పిల్ల తెచ్చుకునే నీళ్ళ సీసా తప్పు, నవ్వు తప్పు, చెవుల్లో పెట్టుకునే తీగలు తప్పు. మధ్యాహ్నం డబ్బా తెరిచి "ఆంటీ, గోంగూర వేసుకోండి" అనడం మరీ తప్పు. ఆంటీ అంట. ఎవరికి ఆంటీ? గోంగూర మాత్రం వేసుకుంది, అది వేరే సంగతి. అది బాగుండడం ఇంకా మంటెక్కించింది. ఆ పిల్లలో ఒక్క చెడ్డ గుణమన్నా కనబడితే సునందకు ప్రాణం హాయిగా ఉండేది. వెతికింది, బాగా వెతికింది, దొరకలేదు.

జులైలో కొత్తగా నేల ఎత్తుల పట్టిక వచ్చింది. ఏ గడిలో నేల ఎంత ఎత్తున ఉందో చెప్పే పట్టిక అది. ప్రతి మిషన్‌లోనూ దాని నకలు ఉండాలి, నకళ్ళు వేయడం సునంద పని. అసలు డిస్క్ నుంచే ఒక్కో మిషన్‌కూ వేయాలి, వేశాక అసలుతో సరిపోల్చి చూడాలి. ఒక్కోదానికి ముప్పావు గంట. ఇరవై మిషన్లకు ఆమె పద్ధతిగానే చేసింది. మంగళవారానికి ఆరు, తొమ్మిది, పన్నెండు, ఇరవై నంబర్లవి మిగిలాయి.

ఆ మధ్యాహ్నమే, వాన లెక్కల పని ఇచ్చిన ఆఫీసు పెద్దలు వచ్చారు. అమరేశ్వరరావు గదిలో భవ్య వాళ్ళకు తన పద్ధతి చూపిస్తోంది. తలుపు సందులోంచి నవ్వులు వినబడుతున్నాయి. లోపల తన గురించి ఏమంటున్నారో, అసలు తన పేరన్నా ఎత్తుతున్నారో లేదో. సునందకు కాలు నిలవలేదు. ఆరో నంబరుకు అసలు నుంచి వేసి, మిగతా మూడింటికీ ఆ ఆరో దాన్నుంచే ఒకేసారి లాగేసి, సరిపోల్చడం ఎగ్గొట్టి, కుచ్చెళ్ళు సర్దుకుని టీ ట్రే పట్టుకుని లోపలికి పోయింది. టీ ఇవ్వడం ఆమె పని కాదు, ట్రే ముట్టుకుని పదేళ్ళయింది. అయినా పోయింది. లోపల ఎవరూ తలెత్తి చూడలేదు, భవ్య తప్ప. "థాంక్యూ ఆంటీ," అంది భవ్య.

శుక్రవారం పొద్దున సునంద వచ్చేసరికి పదిహేడో నంబరు నుదుటి మీద ఎర్ర టేపు ఉంది.

పదిహేడంటే మాటలా? కోఠి అంతా తిరిగి ఏరుకొచ్చిన భాగాలతో ఆమె తన చేతుల్తో కట్టిన మిషన్ అది. దసరాకు మొదటి బొట్టు దానికే. ఐదేళ్ళలో ఒక్క అబద్ధం ఆడలేదు.

"గిదేంది?" అంది సునంద. "దీనికెందుకు అంటించినవ్?"

"మిగతా రెండూ ఒకటి చెబితే ఇది వేరే చెప్పింది ఆంటీ. సోమవారం రిపోర్టు వెళ్ళిపోవాలి కదా, అనుమానం ఉన్నదాన్ని ఉంచలేను."

"ఏం చెప్పిందది?"

భవ్య స్క్రీన్ ఇటు తిప్పింది. ఒక గడి. అందులో అరవై రెండు సెంటీమీటర్ల నీళ్ళు నిలుస్తాయని పదిహేడు చెప్పింది. ఆరు సున్నా అంది. తొమ్మిదీ సున్నా అంది.

"ఏ జాగ అది?"

భవ్య మ్యాపు పెద్దది చేసింది. నాంపల్లి. నాలా పక్క వంకర తిరిగిన సందు, సందు మొగలో నల్లా, దాన్ని ఆనుకుని రెండు రేకుల ఇళ్ళు. రెండోది సునందది.

మాట నోటి దాకా వచ్చింది. పోయినేటి వాన నీళ్ళ చార ఇప్పటికీ ఆమె ఇంటి గోడ మీద మోకాలు దాటి ఉంది. సున్నా ఏంది, నీ మొఖం సున్నా, అనబోయింది. అనలేదు. భవ్య ముఖం వైపు చూసింది. ఇన్నాళ్ళకు ఆ పిల్ల తప్పులో కాలేసింది, ఆ సంగతి లోకంలో సునందకొక్కదానికే తెలుసు. పోనీ, రిపోర్టు పోనీ. తర్వాత వాన కొట్టి ఆ గల్లీ మునిగినప్పుడు, పెద్దలు వచ్చి ఇదేం లెక్కని నిలదీసినప్పుడు, అమరేశ్వరరావు ఎవరి ముఖం చూస్తాడో చూద్దాం.

"మంచిగ అంటించినవ్ బిడ్డా," అని వెళ్ళి తన స్టూలు మీద కూర్చుంది. ఎన్ని నెలలకో ఆ మధ్యాహ్నం అన్నం రుచిగా అనిపించింది.

సాయంత్రం ఇంటికి పోతూ రైల్వే స్టేషన్ దాటేలోపే ఆ రుచి పోయింది. ఆరు, తొమ్మిది. చెడిన మిషన్లు ఒక్కోటి ఒక్కో రకంగా వాగుతాయి గాని, రెండూ కూడబలుక్కుని ఒకే అబద్ధం ఎలా ఆడతాయి? ఎవరో నేర్పి ఉండాలి. నడుస్తున్నదల్లా పండ్ల బండి పక్కన ఆగిపోయింది. మంగళవారం. ఆరో నంబరు నుంచి తొమ్మిదికి, పన్నెండుకు, ఇరవైకి, సరిపోల్చకుండా. ఆరులో పడిన నకలు ఎక్కడో ఒక్కచోట చెడింది, ఆ చెడును మిగతా మూడింటికీ పంచిపెట్టింది తనే. ఆ పట్టికలో తన గల్లీ గుట్టెక్కి కూర్చుంది, గుట్ట మీద నీళ్ళెందుకు నిలుస్తాయి? రెండు మిషన్లు చెప్పినట్టు కనబడింది గాని అది ఒక్క తప్పే. నిజం చెప్పిన పదిహేడు దొంగయింది.

ఇంట్లో మల్లేష్ మంచం మీద కూర్చుని కాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. సునంద చెప్పులు విడవకుండానే కుట్టుపని కొలతపట్టీ తీసి గోడ మీది చారకు పెట్టి చూసింది. అరవై ఒకటి.

"గోడకు జాకెట్టు కుడతవా ఏంది?" అన్నాడు మల్లేష్.

నవ్వు రాలేదు. కూర్చుని జరిగిందంతా చెప్పింది, టీ ట్రేతో సహా.

"గా రిపోర్టుతోని ఏమైతది?"

"నీళ్ళెక్కువ నిలిచే గల్లీలకాడ ముందుగాల నాలా వెడల్పు చేస్తరంట."

మల్లేష్ చెయ్యి ఆగింది. "మన గల్లీ?"

"సున్నా అని పోతది."

"మరి చెప్పకపోయినవ్?"

"చెప్తే తప్పు నాదని తెలుస్తది గద. గా పిల్ల ముంగట."

"చెప్పకుంటే?"

"గా పిల్ల పేరు ఖరాబైతది."

"అంటే గా పిల్ల పేరు ఖరాబు చేసేతందుకు నువ్వు మనింట్ల నీళ్ళు నింపుకుంటవన్నట్టు," అన్నాడు మల్లేష్. అని మళ్ళీ కాళ్ళకు నూనె రాసుకోసాగాడు.

గోడ అవతల పక్కింటి పూలమ్మ దగ్గుతోంది. ఎనభై ఏళ్ళ మనిషి, నడుము పడిపోయింది. నీళ్ళొచ్చినప్పుడల్లా మల్లేష్, ఇంకో ముగ్గురు కలిసి మంచంతో సహా ఎత్తి ఆమెను ఎదురు డాబా మీదికి చేరుస్తారు. పోయినేడు చేర్చేలోపే పరుపు తడిసింది. ఆ దగ్గు వింటూ సునంద కొలతపట్టీ చుట్టి పెట్టేసింది. భవ్య మీద కుళ్ళు తగ్గిందా అంటే, ఇసుమంతైనా తగ్గలేదు.

శనివారం పొద్దున భవ్య ఒక్కతే ఉన్నప్పుడు చెప్పేసింది. నిలబడే చెప్పింది, కళ్ళల్లోకి చూడకుండా. భవ్య నాలుగు మిషన్లనూ అసలు డిస్క్‌తో సరిపోల్చింది. నాలుగింటిలోనూ ఒకేచోట, ఒకే తప్పు.

"సోమవారం పంపించేసేదాన్ని ఆంటీ," అంది. తర్వాత గొంతు తగ్గించి, "కాపీ పాడైందని మాత్రం సార్‌తో చెబుతాను. మీ పేరు ఎందుకు," అంది.

అదిగో, అక్కడ అంటుకుంది సునందకు. టేపు పోతే ఓర్చుకుంది. అందరి ముందూ తడుముకున్నావన్నా ఓర్చుకుంది. ఇప్పుడు ఈ పిల్ల జాలిపడి తనను దాచిపెడుతుందా? బతికినన్నాళ్ళు ఆ గోంగూర డబ్బా ముందు తల దించుకుని కూర్చోవాలా?

"నువ్వు నన్ను కాపాడొద్దు," అంది సునంద. "నా నోరు నాకున్నది."

నేరుగా అమరేశ్వరరావు గదిలోకి పోయి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన అరవలేదు. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"నువ్వేనా సునందా ఇలా చేసింది?" అన్నాడు. "ఇక నుంచి నకళ్ళ దగ్గర భవ్య కూడా చూసి సంతకం పెట్టాలి. తప్పదమ్మా."

పదేళ్ళలో ఆమె పని మీద ఇంకొకరి సంతకం పడలేదు. సునంద తలూపింది. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"ఇంకో మాట సార్. ఒక్క తల్లి పాలు తాగిన మిషన్లు రెండు ఒక్కటే మాట చెప్తే అది ఒక్క సాక్ష్యమే, రెండు కాదు. గా పిల్ల లెక్కల గిది లేదు."

వెనకే వచ్చి నిలబడిన భవ్య ఆ మాట రాసుకోవడానికి ఫోన్ బయటికి తీసింది. "ఏ మిషన్‌కు ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ఎలా తెలుస్తుంది ఆంటీ? ఎక్కడా రాసి లేదే."

"నాకెర్కే," అంది సునంద. ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టింది. ఏ డిస్క్ దేనికి, ఏ భాగం ఎప్పుడు, దేన్నుంచి పీకి దేంట్లో పెట్టిందో ఇరవైనాలుగింటికీ ఆగకుండా చెప్పుకుపోయింది. భవ్య రాసుకుంటూ ఉంది. అమరేశ్వరరావు కళ్ళద్దాలు పెట్టుకోవడం మరచిపోయి విన్నాడు.

సోమవారం సరైన లెక్కతో రిపోర్టు వెళ్ళింది. భవ్య ముందే జవాబు తెలిసిన ప్రశ్నల పట్టిక తెరిచి సునందను పిలిచింది. ఇక ప్రతి పొద్దునా ఇరవైనాలుగు మిషన్లకూ మొదట పడే ప్రశ్న పైనే ఉంది. "సునంద ఆంటీ గల్లీ, పోయినేటి వాన. జవాబు 61, రెండు అటూ ఇటూ." ఆమె ఇంటిని మోకాలి పైదాకా ముంచిన మిషన్‌కే ఆ రోజు పని దొరుకుతుంది. ముంచనిదానికి ఎర్ర టేపు.

సునంద ఆ ప్రశ్నను రెండుసార్లు చదివింది.

"గా ఆంటీ కొట్టెయ్," అంది.

భవ్య కొట్టేసింది. టేపు చుట్ట ఇంకా ఆ పిల్ల బల్ల మీదే ఉంది, అక్కడే ఉంటుంది కూడా. సునంద దాని వైపు చూడకుండా పదిహేడో నంబరు దగ్గరికి నడిచింది. దాని నుదుటి మీది ఎర్ర ముక్కను గోటితో లేపి, చిరగకుండా ఊడదీసి, తన స్టూలు పైన ఖాళీగా ఉన్న మేకుకు చుట్టింది.