జమ్మలమడుగులో మనోడి టైర్లు

స్పోర్టీ మోడల్ చిన్న కారు కొన్నప్పుడు నేను మోజుపడింది దాని ఎర్ర రంగుకు, వెడల్పాటి టైర్లకు. ఏడాదిన్నర తిరిగేసరికి అది మా అక్కకు అంబులెన్సు అయింది. అక్క పులివెందులలో ఉంటుంది. కిడ్నీలు చెడిపోయి వారానికి రెండుసార్లు నేనుండే ప్రొద్దుటూరుకు వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. బస్సులో వచ్చిపోయే ఓపిక ఆమెకు లేదు. కారుతో వచ్చిన టైర్లు పొడి రోడ్డు మీద పరుగుకు బాగుండేవి కానీ, మా ఎండలకూ, ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీలు చిమ్మే కంకరకూ అరిగి నున్నబడ్డాయి. ఎండకు తట్టుకుని, వానకు జారకుండా అన్ని కాలాలకూ పనికొచ్చే టైర్లు వేయించాలని ఒక శ్రావణ శనివారం బయల్దేరాను. ఇలాంటి కారుతో ఈ దారుల్లో తిరిగేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను, ముందే చెబుతున్నా.

ప్రొద్దుటూరులో టైర్ల అంగళ్ళు లేక కాదు. మా మేనమామ మాట విని జమ్మలమడుగు దాకా పోయాను. స్థానిక ఎన్నికల రోజులు అవి. మాకు క్షవరం చేసేవాడి దగ్గర్నుంచి డాక్టరు దాకా అందరూ పార్టీని బట్టే. ఎదుటి పక్షం వాడి దగ్గర పంక్చరు వేయించుకున్నా సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. కొట్లాటలు తగ్గాయంటారు కానీ, మనుషుల మధ్య గీసిన గీత మాత్రం చెరగలేదు. ‘‘జమ్మలమడుగులో మనోడి అంగడి ఉండాది. పరాయోళ్ళ దగ్గర కొనే ఖర్మేంది మనకు?’’ అన్నాడు మామ. ఆయనకు అక్కడ పార్టీ మీటింగు కూడా ఉంది. ఏడున్నరకు కారెక్కాడు.

ఎనిమిదింబావుకు అంగడి ముందు దిగాం. యజమాని నా కారు వైపు చూడనే లేదు. ‘‘యా ఊరప్పా? ఎవురి మనిషివి?’’ అన్నాడు. మామ వెనకనుంచి రాగానే కాఫీలు వచ్చాయి. ముందు వరసలో కవరు చుట్టిన కొత్త టైర్లు పేర్చి ఉన్నాయి. వాటిని వదిలేసి లోపలి గదిలోంచి నాలుగు తెప్పించాడు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. ‘‘ఆల్ సీజన్. మనోళ్ళకు లోపలి సరుకే ఇస్తాను’’ అన్నాడు. సైజు సరిపోయింది, గాళ్ళు లోతుగా ఉన్నాయి. ఒకదాన్ని తిప్పి చూద్దామని వంగాను. మామ నా భుజం పట్టి లేపాడు. ‘‘మనోడి సరుకు తిప్పి చూస్తే ఆయప్ప ఏమనుకుంటాడు?’’ అని చెవిలో అన్నాడు. చదువుకున్నవాణ్ణి, మర్యాదకు పోయి లేచి నిలబడ్డాను. టైరు మూడు వేల లెక్కన కట్టి, బిగింపు, బ్యాలెన్సింగు అయ్యేసరికి పదిన్నర. మామ మీటింగుకు పోయాడు, నేను అక్కను తీసుకురావడానికి ముద్దనూరు మీదుగా పులివెందుల దారి పట్టాను.

ముద్దనూరు దాటాక సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఒక మలుపులో గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. నా వేగం యాభై కూడా లేదు. బ్రేకు తొక్కితే కారు ఆగలేదు, పక్కకు జారింది. రోడ్డు దిగి కిలోమీటరు రాయికి జానెడు దూరంలో నిలబడింది. కాపరి కర్ర నేలకు ఆనించి నా చక్రాలను చూశాడు. ‘‘ఏందప్పా, కొత్త టైర్లు ఏసుకొని గొర్రెల మీదికొస్తాండావు?’’ అన్నాడు. కొత్త రబ్బరు మొదట్లో కొంచెం జారుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అయినా మిగతా దారంతా నలభై దాటకుండా నడిపాను. తిరుగు ప్రయాణంలో ఈ కారులో అక్క కూర్చుంటుంది.

పన్నెండున్నరకు పులివెందుల చేరి అక్కకు జరిగింది చెప్పాను. సాయంత్రం ఐదుకు ఆమె వంతు. ఆలస్యమైతే మిషను ఇంకొకరికి ఇస్తారు, మళ్ళీ సోమవారమే. అప్పటికే కాళ్ళు నీరు పట్టి ఉన్నాయి. ఆ టైర్ల మీద ఆమెను ఎక్కించుకుపోవడానికి నాకు ధైర్యం చాలలేదు. నా సైజు టైర్లు ఆ బజారులో దొరికేది మస్తాన్ అంగడిలోనే. దాని మీద ఎదుటి పక్షం జెండా ఎగురుతోంది. మామకు ఫోన్ చేస్తే, ‘‘ఆడికి పోయినావంటే నా మొగం యాడ పెట్టుకునేది?’’ అన్నాడు. అక్క ఆ మాట విని సంచి తీసుకుని కారెక్కింది. ‘‘నా రక్తం కడిగే మిషనుకు పార్టీ లేదు. టైరుకు యాడిది? పద’’ అంది.

మస్తాన్ నన్ను ఊరు అడగలేదు. ‘‘ఎంతమంది ఎక్కుతారు? యా దోవన పోతారు? వానలో ఎంత స్పీడు పోతావు?’’ అని అడిగాడు. తర్వాత గోటితో రబ్బరు నొక్కాడు, గుడ్డతో పాలిష్ తుడిచాడు. కింద వెంట్రుకల్లాంటి పగుళ్ళు. టైరు పక్కన అచ్చువేసి ఉన్న నాలుగు అంకెల మీద వేలు పెట్టి, ‘‘ఐదేండ్ల కిందటి సరుకన్నా ఇది. శానా గట్టిపడిపోయింది, తడి రోడ్డును యాడ పట్టుకుంటాది?’’ అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకా వెడల్పాటివి వేద్దామా అంటే మస్తాన్ వద్దన్నాడు, నీళ్ళు నిలిచిన రోడ్డు మీద అవి తేలుతాయట. పాత సైజులోనే కొత్తవి, అంకెలు నాకు చూపించి మరీ బిగించాడు. టైరుకు రెండు వందలు ఎక్కువే అయింది. పనయ్యేసరికి రెండున్నర.

ముద్దనూరు రోడ్డును ర్యాలీ కోసం ఆపేశారని తెలిసి వేంపల్లె మీదుగా తిప్పాను. వాన పెద్దదైంది. గండి మలుపు దగ్గర ఆంజనేయస్వామిని చూసి వస్తున్న జనం గొడుగుల కింద ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చారు. బ్రేకు తొక్కాను. కారు గీత గీసినట్టు నిలబడింది. వెనక సీట్లో అక్క కళ్ళు కూడా తెరవలేదు. వీరపునాయునిపల్లె, ఎర్రగుంట్ల దాటి ఐదుకు పది నిమిషాలుండగా ఆసుపత్రి చేరాం.

అక్కను లోపలికి తీసుకుపోయాక జమ్మలమడుగు అంగడి బిల్లు మీది నంబరుకు ఫోన్ చేశాను. ముందు వరసలో కొత్తవి పెట్టుకుని నాకు పాతవి ఎందుకు అంటగట్టావని అడిగాను. యజమానికి కోపం రాలేదు, సిగ్గూ రాలేదు. ‘‘బయటోళ్ళు తేదీ చూస్తారప్పా. మనోళ్ళు చూడరు కదా’’ అన్నాడు.

అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో అని ఊరికే అనలేదు. ఇన్నేళ్ళుగా మనోడు, మనోడు అంటూ మేము కట్టుకున్న నమ్మకమంతా ఆ లోపలి గదిలో పేర్చి ఉంది. ఆయన మీద కోపం ఎలాగూ ఉంది, వంగినవాణ్ణి మర్యాదకు లేచి నిలబడ్డ నా మీద అంతకంటే ఎక్కువ ఉంది. ఆ మర్యాద ఖరీదు మా అక్క ప్రాణం కావలసింది. మీరు టైర్లు కొనేముందు వాటి పక్కనున్న నాలుగు అంకెలు చూడండి: మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. అంగడి మీ మనిషిదైతే రెండుసార్లు చూడండి.