మెత్తని దారం

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనలు దక్షిణాది రేవులు మూసేశాక జార్జియాలో పట్టుదారం కరువైంది. డాక్టర్ టాలివర్ తన ముసలి గుర్రం తోక వెంట్రుకలతో గాయాలు కుట్టేవాడు. అవి బిరుసుగా ఉంటాయని మెత్తబడేదాకా నీళ్ళలో మరిగించేవాడు. "ఏమనుకోకు నాయనా, పట్టు లేదు" అని ప్రతి సైనికుడి దగ్గరా నొచ్చుకునేవాడు. నిజానికి లోపలి జేబులో చిన్న పట్టు ఉండ ఒకటి ఉంది. కొడుకు రూఫస్ కూడా ఆ యుద్ధంలోనే ఉన్నాడు మరి.

ఒక మధ్యాహ్నం రూఫస్‌నీ, బండి తోలే బానిస కేటోనీ కలిపి తీసుకొచ్చారు. ఇద్దరికీ చేతికే దెబ్బ. డాక్టర్ జేబులోంచి ఉండ తీశాడు. పట్టు మెత్తనిది, మరిగించే పని లేదు. కొస నోట్లో తడిపి సూదికి ఎక్కించాడు. "నాకూ అదేనా దొరగారూ?" అన్నాడు కేటో. "నీకు గుర్రం వెంట్రుక చాల్లేరా." "కానీండి, గుర్రాలు నాకు అలవాటేగా." నెల తిరిగేసరికి రూఫస్ చెయ్యి చీముపట్టి, ఒళ్ళంతా విషమెక్కి పోయాడు. "ఉన్నవాటిల్లో మంచి దారంతోనే కదా హెట్టీ వాడికి కుట్టాను" అని డాక్టర్ తన భార్యను పదేపదే అడుగుతున్నాడు. ఆమె కిటికీలోంచి చూస్తోంది. బయట కేటో, మానిన ఆ చేత్తోనే, రూఫస్‌కి గొయ్యి తవ్వుతున్నాడు.